ఏడో స్తంభం సెలవు చీటీ

రండర్రా, ఇలా దగ్గరగా జరగండి. ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి, ఎక్కడికీ పారిపోవు. కాళ్ళు చాపుకోండి, గోడకి ఆనుకోండి. ఆనుకునే ముందు మాత్రం ఆ గోడ దేని మీద ఆనుకుని ఉందో ఒక్కసారి చూసుకోండి. ఇవాళ్టి కథ దాని గురించే.

కాకినాడలో, సముద్రపు గాలికి తలుపు గడియలు తుప్పు పట్టిపోయే వైపున, సాగర శిఖరం అని ఒక భవనం ఉంది. పద్నాలుగు అంతస్తులు, అంతస్తుకి నాలుగు ఇళ్ళు, మొత్తం యాభై ఆరు కాపురాలు. అన్నిటికీ అడుగున కార్లు పెట్టుకునే సెల్లారు. ఆ సెల్లారులో ఇరవై నాలుగు స్తంభాలు. ఏడో నంబరు స్తంభాన్ని ఆనుకుని ఒక చిన్న గది. ఆ గదిలో నూకరత్నం, ఆమె కూతురు వీరవేణి ఉండేవారు.

నూకరత్నం ఆ భవనానికి కాపలా మనిషి. అంతకు ముందు అదే భవనానికి కూలి మనిషి. ఆమె మొగుడు సూరిపండు సెంట్రింగు మేస్త్రీ. ఏడో స్తంభం పోసిన రోజు ఆమెకి నిన్నటిలా గుర్తుంది. పొద్దున్నే ఒక జల్లు పడింది. మధ్యాహ్నం మిక్సరు ఆగిపోయి గంటసేపు తిరగలేదు. అంతకు ముందు రోజు వచ్చిన ఇసుకని సూరిపండు చిటికెడు నాలిక మీద వేసుకుని, ఉప్పగా ఉందని లారీని వెనక్కి తోలేశాడు. సాయంత్రం తట్ట దించి కూర్చున్నప్పుడు ఆమెతో అన్నాడు:

"ఒక్క మనిషి మోసే బరువుకి ఇద్దరికి సరిపడా కడతాం రత్నం. ఆ రెండో మనిషి ఎవరనుకున్నావ్? మనకి తెలీనోడు. ఇయ్యాల మనకి తెలీకుండా తగ్గిన సిమెంటుకీ, మనం సూడకుండా పడ్డ వానకీ, రేపెప్పుడో ఎవడో సేసే ఎదవపనికీ ఆడు కాపలా. ఆణ్ణి ముట్టుకోకూడదు. సదువుకున్నోళ్ళు ఆణ్ణి గుణకం అంటారంట."

సూరిపండు పోయి ఆరేళ్ళయింది. ఆ మాట మాత్రం నూకరత్నం దగ్గరే ఉండిపోయింది.

ఆషాఢ మాసం మొదట్లో ఒక ఉదయం నీళ్ళ ట్యాంకరు సెల్లారులోకి వెనక్కి వస్తూ ఏడో స్తంభాన్ని గుద్దింది. గంపెడు సిమెంటు పెళ్ళ ఊడి నేల మీద పడింది. లోపలి ఇనుప ఊచలు నాలుగు, ముసలివాళ్ళ చేతి నరాల్లా పైకి ఉబ్బాయి. డ్రైవరు కిందికి దిగాడు. ట్యాంకరు వెనక భాగం తడిమి చూసుకున్నాడు. సొట్ట లేదు. హమ్మయ్య అనుకుని, నీళ్ళు పోసి వెళ్ళిపోయాడు.

నూకరత్నం కొంగు నడుముకి దోపి స్తంభం చుట్టూ మూడుసార్లు తిరిగింది. పగులు ఏటవాలుగా, ఆమె మోకాలి దగ్గర మొదలై భుజం దాకా పాకింది. గదిలోకి వెళ్ళి గోడకున్న క్యాలెండరులో ఆ రోజు కాగితం చించింది. మైదా జిగురు కాచి, పగులుకి అడ్డంగా ఆ కాగితాన్ని అతికించింది. ఇది మేస్త్రీల పద్ధతి. కాగితం చెక్కుచెదరకపోతే పగులు నిద్రపోయిందని. చిరిగితే నడుస్తోందని.

తెల్లారి చూస్తే కాగితం నడిమికి చిరిగి ఉంది. గోరు మందం.

ఆమె అసోసియేషన్ ప్రెసిడెంటు దగ్గరికి పరుగెత్తింది. ఆయన పేరు రామసోమయ్య. తహసీల్దారుగా చేసి దిగిపోయిన మనిషి, నాలుగో అంతస్తు.

"అయ్యగోరూ, పిల్లరు నడుస్తోందండి. చిన్నబ్బులికి కబురెట్టి ఇనప రాటలు తెప్పించేస్తానండి. బీముల కింద ఎత్తిపట్టేస్తే పిల్లరికి బరువు తప్పుద్దండి. తర్వాత బాగుచేయించుకుందురుగాని."

చిన్నబ్బులు ఒకప్పుడు సూరిపండు చేతికింద పని నేర్చినవాడు. ఇప్పుడు వంతెనల పనులు పడుతున్నాడు.

రామసోమయ్య గారు కళ్ళజోడు సవరించుకుని ఒక పుస్తకం తీశారు. "రూలు చదువుతాను, విను. క్షేమ మండలి అనుమతి లేకుండా స్తంభమును తాకినవారు, తాకించినవారు, తాకుచుండగా చూచి ఊరకున్నవారు శిక్షార్హులు."

"మరి ట్యాంకరు తాకిందిగదండీ?"

"ట్యాంకరు మన అసోసియేషన్‌లో మెంబరు కాదు నూకరత్నం."

అలా అర్జీ మండలికి వెళ్ళింది.

ఎత్తు కట్టడాల క్షేమ మండలి అంటే సామాన్యమైన చోటు కాదు. అక్కడ ఒకప్పుడు తొమ్మిదిమంది ఇంజినీర్లు ఉండేవారు. ఒక్కొక్కరే రిటైరయ్యారు. వాళ్ళ చోట్లు పదకొండేళ్ళుగా ఖాళీ. మిగిలింది ఛైర్మన్ గారు, సిబ్బంది విభాగం. ఆ విభాగంలో ఏకాంబరం గారు సూపరింటెండెంటు. ముప్ఫై ఏళ్ళుగా సెలవులు, బదిలీలు, అదనపు బాధ్యతలు, ఇవి తప్ప మరో సంగతి ఆయన చూసి ఎరగరు. అలాంటి మనిషి బల్ల మీదికి స్తంభం ఫైలు వచ్చింది. తనకి తెలిసిన పద్ధతిలోనే దాన్ని పరిష్కరించడానికి ఆయన సిద్ధమయ్యారు. అందులో ఆయన తప్పేముంది చెప్పండి.

మూడో రోజు ఏకాంబరం గారు సెల్లారులోకి దిగారు. చంకలో ఫైలు, నుదుట గంధం. స్తంభాన్ని ఎగాదిగా చూసి అడిగారు.

"ఇది విధుల్లో చేరిన తేదీ?"

నూకరత్నానికి ఒక క్షణం అర్థం కాలేదు. "పోసిన రోజాండీ? పద్దెనిమిదేళ్ళ కిందటండి, కార్తీక పున్నమి ఎల్లిన మూడోనాడండి."

"పద్దెనిమిదేళ్ళు ఏకధాటి సేవ. మధ్యలో సెలవు వాడుకున్నదా?"

"పిల్లరు సెలవెడితే పైనున్నోళ్ళు కిందికొచ్చేత్తారుగదండీ."

"అడిగినదానికి సమాధానం చెప్పు. వాడుకోలేదు." ఆయన రాసుకున్నారు. "మంజూరైన బలం రెండు. అవసరమైన బలం ఒకటి. అనగా ఒకటి మిగులు. ఈ మిగులునే భద్రతా గుణకం అందురు. ఉద్యోగి ఖాతాలో పోగుపడిన సెలవు వంటిది. ఇప్పుడు ఎంత దెబ్బతిన్నది?"

"సగం పోయిందండి."

"రెండులో సగం పోగా ఎంత?"

"ఒకటండి."

"కావలసినది ఎంత?"

"ఒకటేనండి, కానీ..."

"మరి నష్టమెక్కడ?" ఏకాంబరం గారు కలం మూత పెట్టేశారు. "స్తంభం తన ఖాతాలో ఉన్న మిగులును వాడుకున్నది. అది దాని హక్కు."

నూకరత్నం చేతులు నలుపుకుంది. "బాబుగోరూ, ఆ మిగులు వాడుకోడానికి కాదండి. మనకి తెలీనిదానికండి. పైన తొమ్మిదో అంతస్తోళ్ళు కొత్తగా మొక్కల తొట్లు పెట్టారు, పదకొండోవోరు గోడ కట్టారు, ఇంకో ట్యాంకరొచ్చి గుద్దుద్ది, ఎవరు సూసొచ్చారండీ?"

"ఒకే స్తంభం ఒకే సంవత్సరంలో రెండుమార్లు గాయపడుటకు నిబంధనలలో అవకాశం లేదు."

"పోనీ నాలుగు రాటలు నిలబెట్టుకోనియ్యండి."

ఆయన ముఖంలో మొదటిసారి భయం కనబడింది. "రాటలా? మంజూరైన స్తంభాలు ఇరవై నాలుగు. ఇరవై అయిదోదానికి పోస్టేదీ? కొత్త నియామకాలపై నిషేధం అమలులో ఉన్నదని తెలియదా? తాత్కాలికంగా పెట్టినా రేపు అది నన్ను పర్మినెంటు చేయమంటుంది!"

వారంలో ఉత్తర్వు వచ్చింది. రామసోమయ్య గారు దాన్ని లిఫ్టు పక్కన అతికించి, అందరికీ వినబడేలా చదివారు.

"విషయము: సాగర శిఖరము, ఏడవ స్తంభము, అనారోగ్య సెలవు మంజూరు గురించి. పై విషయమును పురస్కరించుకొని తెలియజేయడమేమనగా, సదరు స్తంభమునకు ఇరవై ఒక్క దినముల సెలవు మంజూరు చేయడమైనది. సెలవు కాలములో సదరు స్తంభపు బరువులను, ఆరవ మరియు ఎనిమిదవ స్తంభములు తమ విధులకు అదనముగా, పూర్తి బాధ్యతతో నిర్వర్తించవలెను. ఇందుకు ఎటువంటి అదనపు భత్యము చెల్లించబడదు."

పైనున్న యాభై ఆరు ఇళ్ళవాళ్ళూ ఊపిరి పీల్చుకున్నారు. రబ్బరు స్టాంపు గుండ్రంగా, నిండుగా పడింది మరి. పదకొండో అంతస్తు భానుమూర్తి గారు "ఇంక దిగుల్లేదు" అని ఆ సాయంత్రమే కొత్త గ్రానైటు బండలు పైకి ఎక్కించారు.

నూకరత్నం స్తంభం వైపు చూసింది. సెలవు చీటీ దానికి అతికించారు. అది మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. వేరే దారి లేదు దానికి.

క్యాలెండరు కాగితాలు రోజుకొకటి చిరుగుతున్నాయి. గది తలుపు కూడా మాట్లాడటం మొదలెట్టింది. మొదట కీచుమంది. తర్వాత గడపకి రాసుకుంది. ఒక రోజు వీరవేణి లోపల ఉండగా బిగుసుకుపోయి, ఇద్దరూ రెండు వైపులా లాగితే గాని రాలేదు. తలుపు పెరగలేదు. ద్వారబంధం కిందికి కుంగుతోంది.

వీరవేణికి మంచి సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు ఉప్పాడలో వలలు అల్లే ఇంటివాడు. పెళ్ళి శ్రావణంలో, వాళ్ళ ఊళ్ళోనే అనుకున్నారు. ఆ పిల్ల తలుపు వైపు చూసి అంది:

"అమ్మా, ఎల్లిపోదామే. పెళ్ళిదాకా పిన్నోళ్ళింట్లో ఉందాం. ఇక్కడ నిద్దరట్టట్లేదు నాకు."

"మనం ఎల్లిపోతే పైనున్నోళ్ళో?"

"ఆళ్ళకి సెప్పేవుగా. ఇన్లేదుగా."

"ఇన్లేదని వొదిలేత్తావేంటే? ఆరో అంతస్తులో ఆ కవల పిల్లలు, పన్నెండోట్లో మంచం దిగలేని మామ్మగోరు. ఆళ్ళందరి గ్యాసు బండలూ నేనేగా పైకంపేది. మీ నాన్న సేతుల్తో పోసిన పిల్లరే ఇది. ఇది కూలి ఒక్క ప్రాణం పోయినా, ఆయన పేరు మీదే పోయినట్టు."

ఆ రోజు నుంచి కూతురి మంచాన్ని గేటు దగ్గరి రేకుల షెడ్డులోకి మార్చింది. తను మాత్రం సెల్లారు వదల్లేదు.

సెలవు పూర్తి కాకముందే ఆరో స్తంభంలో వెంట్రుకంత గీత కనబడింది. ఏకాంబరం గారు మళ్ళీ వచ్చారు. ఈసారి ముఖం చిట్లించుకుని.

"ఆరవ స్తంభం అదనపు బాధ్యత పట్ల అయిష్టత కనబరచుచున్నది," అన్నారు. "నేనెరుగుదును ఈ ధోరణి. మా ఆఫీసులోనూ ఇంతే. పక్కవాడి పని చెప్పగానే నడుం నొప్పి."

"పగిలిందండి బాబూ అది."

"అందరూ పగుల్తారమ్మా, మొదట్లో. అలవాటవుతుంది."

అయినా ఆయన దయగల మనిషి. ఆరో స్తంభం మీద చర్య తీసుకోలేదు. ఏడో స్తంభానికి సెలవు రద్దు చేసి తేలిక పని అప్పగించారు. ఆ ఉత్తర్వు ఇలా ఉంది: "ఏడవ స్తంభము తన పైనున్న పద్నాలుగు అంతస్తులలో మొదటి ఆరింటిని మాత్రమే మోయవలెను. ఏడు నుండి పద్నాలుగు వరకు గల అంతస్తులు ఎట్టి పరిస్థితులలోను సదరు స్తంభముపై భారము మోపరాదు."

ఈ ఉత్తర్వు నకళ్ళు ఏడు నుంచి పద్నాలుగు దాకా అన్ని ఇళ్ళకీ పంచారు. వాళ్ళు సంతకాలు పెట్టి పుచ్చుకున్నారు. తొమ్మిదో అంతస్తులో ఒకావిడ మాత్రం "మరి మేం ఎవరి మీద మోపాలి?" అని అడిగింది. ఆ విషయం పరిశీలనలో ఉందన్నారు.

అంతటితో అయిపోలేదు. గేటు పక్కన పందొమ్మిదో స్తంభం ఉంది. దాని మీద మెట్ల చిన్న కప్పు తప్ప ఏమీ లేదు. తనిఖీలో ఏకాంబరం గారి కంట్లో అది పడింది.

"ఇక్కడ ఇంత గుణకం ఖాళీగా కూర్చుని ఉండగా, అక్కడ కొరత ఏమిటి?" అన్నారు. మర్నాటికి బదిలీ ఉత్తర్వు సిద్ధం. పందొమ్మిదవ స్తంభములో వినియోగములో లేని గుణకములో సగమును ఏడవ స్తంభమునకు డెప్యుటేషనుపై పంపడమైనది. ఏడు దినములలో చేరవలెను. చేరినట్లు రిపోర్టు పంపవలెను.

"చేరిందా?" ఏడో రోజు ఆయన ఫోన్ చేసి అడిగారు.

నూకరత్నం పందొమ్మిదో స్తంభం దగ్గరికి వెళ్ళి చూసింది. ఏడో దాని దగ్గరికి వచ్చి చూసింది. "ఏమోనండి, దారిలో ఉందేమోనండి," అంది.

"ఆలస్యానికి సంజాయిషీ అడుగుతాను," అని ఆయన ఫోన్ పెట్టేశారు.

ఆ మధ్యాహ్నం గది తలుపు ఇంక మూసుకోలేదు. రెండో అంతస్తులో వంటింటి నేల పలకలు రెండు, పెనం మీద అప్పడాల్లా పైకి లేచాయి. నూకరత్నం చాలాసేపు స్తంభం ఎదురుగా కూర్చుంది. క్యాలెండరు వైపు చూసింది. ఆషాఢం ఇంకా నాలుగు రోజులే ఉంది. ఆమె లేచి చిన్నబ్బులికి ఫోన్ చేసింది.

"ఒరే అబ్బాయా, పెళ్ళి ఉప్పాడలో కాదు. ఇక్కడే, సెల్లారులో చేస్తాను. ఆళ్ళకి నేను సెప్పుకుంటాను. నువ్వు నాకు పందిరి ఎయ్యాల."

"సెల్లారులో పందిరేంటత్తా? నెత్తిమీద శ్లాబుందిగా?"

"అందుకేరా."

చిన్నబ్బులు నెమ్మదిగా అన్నాడు. "ఎన్ని రాటలు కావాలత్తా?"

"పన్నెండు. వంతెన దూలాల కింద పెడతారే, ఆ లావుపాటియి. మరలు తిప్పి బిగించేయి."

రామసోమయ్య గారికి ఆమె వినయంగా శుభలేఖ ఇచ్చింది. ఆయన చదివి, పుస్తకం తీశారు. పందిరికి అనుమతి కావాలేమోనని అటు తిప్పారు, ఇటు తిప్పారు. స్తంభాలకి ఉంది, గోడలకి ఉంది, కిటికీకి రేకు వేయడానికి ఉంది. పందిరి ఊసు ఎక్కడా లేదు.

"ఎండా వానా రాని చోట పందిరెందుకు నూకరత్నం?"

"శాస్త్రమండి."

ఆయన పుస్తకం మూసేశారు. ఆమె వైపు కాస్త ఎక్కువసేపు చూసి, "రాట ఎప్పుడు?" అన్నారు. "నేనూ వచ్చి పసుపు పెడతాను."

శ్రావణం వచ్చిన తొలి మంచిరోజున, పురోహితుడు చెప్పిన వేళకి, మొదటి రాట నిలిపారు. పసుపు రాశారు, కుంకుమ బొట్లు పెట్టారు, మామిడాకులు కట్టారు, నవధాన్యాలు గుడ్డలో మూటకట్టి పైన వేలాడదీశారు. రామసోమయ్య గారు అన్నమాట ప్రకారం పసుపు పెట్టారు. తర్వాత మిగతా పదకొండూ ఏడో స్తంభం చుట్టూ, బీముల కింద, మందపాటి దుంగల మీద నిలబెట్టి, చిన్నబ్బులు మనుషులు మర తిప్పి తిప్పి బిగించారు. బిగిసే ప్రతి రాట దగ్గరా నూకరత్నం చెవి ఆనించి, అరచేత్తో కొట్టి విన్నది. "ఇంకో అర చుట్టు," అనేది. బిగించాక వాటికి కొబ్బరాకులు చుట్టి, అరటి బోదెలు కట్టి, తడికలు అల్లి, కాగితం తోరణాలు వేలాడదీశారు. చూడ్డానికి సలక్షణమైన పెళ్ళి పందిరి.

మర్నాడే ఏకాంబరం గారు దిగారు. కొబ్బరాకు పక్కకి తప్పించి, వేలి ఉంగరంతో కొట్టి చూశారు. ఖంగుమంది.

"ఇవి ఏమిటి?"

"పందిరి రాటలండి. అమ్మాయి పెళ్ళండి."

"ఇనుప రాటలా!"

"సరుగుడు మంచిది దొరకట్లేదండి ఈ రోజుల్లో. అన్నీ పుచ్చులే."

"ఇది అనధికార నియామకం. తక్షణం తొలగించవలెను."

నూకరత్నం ఒక పక్కకి తప్పుకుని, రెండు చేతులూ జోడించింది. "రాటకి పసుపు రాసేశామండి. నవధాన్యాలు కట్టేశామండి. పదహారు రోజుల పండగ అయిందాకా కదపకూడదండి. అంతకు ముందు కదిపితే ఆ కదిపిన చేతికీ, ఆళ్ళింట్లో పెళ్ళీడు పిల్లలకీ మంచిది కాదని పెద్దలన్న మాట. మీరు ఆఫీసరుగోరు, కాదనడానికి నేనెంత. ఇదిగో, మొదటి రాట ఇదేనండి. మీ సేత్తోనే తీసెయ్యండి."

ఏకాంబరం గారు చెయ్యి చాచారు. ఆ చెయ్యి నవధాన్యాల మూట దగ్గరిదాకా వెళ్ళి ఆగింది. ఆయనకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దదానికి కిందటి వారమే చూపులయ్యాయి. చెయ్యి వెనక్కి తీసుకుని, గంధం బొట్టు సరిచేసుకుని, ఫైలు మీద రాశారు: "శాస్త్రోక్త కారణముల దృష్ట్యా తొలగింపు పదహారు దినముల పండుగ వరకు వాయిదా."

"ఆ తర్వాత ఒక్క గంట కూడా ఉండడానికి వీల్లేదు," అన్నారు వెళ్తూ.

పెళ్ళి ఘనంగా జరిగింది. యాభై ఆరు ఇళ్ళవాళ్ళూ కిందికి దిగి, ఏడో స్తంభం పక్కనే కూర్చుని పులిహోర తిన్నారు. వీరవేణి తలంబ్రాలు పోస్తూ కూడా ఒక కన్ను బీము మీదే ఉంచింది. ఆమె మొగుడు అది చూసి నవ్వాడు. "మా ఊళ్ళో అలలొస్తాయి. ఇక్కడ ఇదన్నమాట," అన్నాడు.

నూకరత్నం వేళ్ళ మీద రోజులు లెక్కబెడుతోంది. క్యాలెండరు కాగితం ఇప్పుడు బొటనవేలు దూరేంత చిరుగుతోంది. స్తంభం బరువు దించుకుంటోంది. రాటలు ఎత్తుకుంటున్నాయి. పదహారో రోజు అవి తీసేస్తే?

సరిగ్గా పదిహేనో రోజున మండలి నుంచి మరో ఉత్తర్వు. ఖాతాలో ఒక్క రోజు మిగులు కూడా లేకుండా, గాయంతోనే, ఫిర్యాదు చేయకుండా విధులు నిర్వర్తించినందుకు ఏడవ స్తంభాన్ని ఉత్తమ సేవా పురస్కారానికి ఎంపిక చేశారు. రేపు సన్మానం. ఛైర్మన్ గారు స్వయంగా వస్తారు. సన్మానం కాగానే పందిరి తొలగింపు.

పదహారో రోజు పొద్దున్నే సెల్లారులో కుర్చీలు వేశారు. మైకు పెట్టారు. పందిరి ఎలాగూ ఉంది కాబట్టి అలంకరణ ఖర్చు కలిసొచ్చిందని ఛైర్మన్ గారు సంతోషించారు. ఏకాంబరం గారు స్తంభం సేవా చరిత్ర చదివారు. ఛైర్మన్ గారు లేచి, జరీ శాలువా విప్పి, స్తంభం చుట్టూ కప్పారు. భుజాలు లేవు కాబట్టి ఉబ్బిన ఊచకి తగిలించారు. పూలదండ వేశారు. మైకు అందుకున్నారు.

"ఈ స్తంభాన్ని చూసి మన సిబ్బంది నేర్చుకోవాలి. ఇది ఎన్నడైనా కూర్చున్నదా? ఎన్నడైనా వంగినదా?"

అప్పుడు వినబడింది. గట్టి కొబ్బరికాయని బండకేసి కొట్టినట్టు ఒక్క శబ్దం. స్తంభం నడుం దగ్గర పిండి పిండి అయింది. ఊచలు విల్లుల్లా వంగాయి. శాలువా ధూళిలో మునిగింది. ఆ వెంటనే పన్నెండు రాటలూ ఒక్కసారి మూలిగాయి. అరటి బోదెలు చిట్లి నీళ్ళు కారాయి. దుంగలు కిర్రుమన్నాయి. నవధాన్యాల మూట ఊగి, ఊగి, ఆగింది.

భవనం కదల్లేదు.

ఛైర్మన్ గారు అప్పటికే గేటు దాటారు. మైకు ఆయన చేతిలోనే ఉండిపోయింది, తీగ తెగి. కుర్చీలు బోర్లా పడ్డాయి. మిగిలింది ఇద్దరు. నూకరత్నం మొదటి రాటకి అరచెయ్యి ఆనించి నిలబడింది. ఏకాంబరం గారు రెండో రాటని రెండు చేతులా వాటేసుకుని, కళ్ళు మూసుకుని ఉన్నారు.

"బాబుగోరూ," అంది నూకరత్నం మెల్లగా. "పట్టుకున్నారుగదా, అలాగే పట్టుకోండి. వొణుకుతుందేమో సూసి సెప్పండి. నేను పైకెళ్ళి అందర్నీ దింపుకొస్తాను."

ఆమె పద్నాలుగు అంతస్తులూ మెట్ల మీదే ఎక్కింది. తలుపు తలుపూ తట్టింది. కవల పిల్లల్ని దింపింది. మంచం దిగలేని మామ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురి చేత మోయించింది. అందరూ రోడ్డు మీదికి చేరాక కిందికి వచ్చి చూస్తే, ఏకాంబరం గారు అదే చోట, అదే రాటని పట్టుకుని ఉన్నారు.

"వణకలేదమ్మా," అన్నారు. ఈసారి ఆయన నోట వచ్చింది ఆఫీసు భాష కాదు. "అది వణకలేదు. నేనే."

రెండు వారాలకి మండలి విచారణ నివేదిక వచ్చింది. ఛైర్మన్ గారు సంతకం చేసినది. వినడానికి ఇళ్ళవాళ్ళు ఎవరూ లేకపోయినా, రామసోమయ్య గారు లిఫ్టు పక్కన నిలబడి చదివారు.

"ఏడవ స్తంభము పూర్తిగా విధులనుండి వైదొలగిన పిదప కూడ భవనము యథాతథముగా నిలిచియున్నది. కావున సదరు స్తంభము మొదటి నుండియు అవసరమునకు మించినదని రుజువైనది. ఏడవ స్తంభపు పోస్టు ఇందుమూలముగా రద్దు చేయడమైనది. ఇకపై ఈ భవనమునకు మంజూరైన స్తంభములు ఇరవై మూడు. కొత్తగా కట్టబోవు భవనములలో కూడ ఈ పొదుపును పాటించవలెను. పందిరిని వెంటనే తొలగించవలెను."

ఆ తొలగింపు జరిపించడానికి మండలి పంపినది ఏకాంబరం గారినే. ఆయన సెల్లారులోకి వచ్చారు. పైన ఇళ్ళన్నీ ఇంకా ఖాళీ. అందరూ చుట్టాలిళ్ళలో ఉన్నారు. తడికల చాటున చిన్నబ్బులు మనుషులు ఊచలు కడుతున్న చప్పుడు వినబడుతోంది. ఏకాంబరం గారు ఆ చప్పుడు విన్నారు. విననట్టే నిలబడ్డారు.

"పదహారు రోజుల పండుగ అయిపోయిందా నూకరత్నం?"

"అయిందండి."

"అయితే తీసెయ్యాలి కదా."

"తీసెయ్యాలండి."

ఏకాంబరం గారే మళ్ళీ అడిగారు, గొంతు తగ్గించి. "కొత్త పెళ్ళికూతురు శ్రావణ మంగళవారాలు నోము పట్టదా? మా ఇంట్లో పట్టేవారు. అయిదేళ్ళు పడతారు."

నూకరత్నం ఆయన ముఖంలోకి చూసింది. "పట్టిందండి. ఇదే మొదటేడు."

"నోము నడుస్తున్న ఇంట పందిరి తీయవచ్చునా?"

"మీరే సెప్పాలండి. సదువుకున్నోరు."

ఏకాంబరం గారు రాటని ఒకసారి అరచేత్తో నిమిరారు. ఫైలు దాని మీదే ఆనించి రాశారు: "శాస్త్రోక్త కారణముల దృష్ట్యా తొలగింపు అయిదు సంవత్సరములు వాయిదా." చెయ్యి వణకలేదు.

ఆ పందిరి చాటున మూడు నెలల్లో కొత్త ఏడో స్తంభం లేచింది. పోసే ముందు నూకరత్నం ఇసుక చిటికెడు నాలిక మీద వేసుకుని చూసింది. ఒక లారీ వెనక్కి తోలేయించింది. ఇద్దరికి సరిపడా కాదు, ఈసారి ముగ్గురికి సరిపడా పోయించింది. చిన్నబ్బులు "మూడో మనిషెవరత్తా?" అంటే, "మండలి," అంది.

యాభై ఆరు కాపురాలూ తిరిగొచ్చాయి. మండలి కాగితాల్లో ఆ భవనానికి ఇప్పటికీ ఇరవై మూడు స్తంభాలే, ఒక పందిరీ. ఎవరైనా తనిఖీకి వస్తే నూకరత్నం వాళ్ళని కూర్చోబెట్టి, శనగలూ వాయనమూ చేతిలో పెట్టి, బొట్టు పెట్టి పంపిస్తుంది. తడిక తీసి లోపలికి చూసినవాళ్ళు ఇంతవరకు లేరు.

ఇదమ్మా సంగతి. మీరూ నలుగురి మధ్య కూర్చున్నప్పుడు ఈ కథ చెప్పండి. సూరిపండు ఇసుక నాలిక మీద వేసుకున్న సంగతి మర్చిపోకండి. ఆ రెండో మనిషి తెలియనివాటికి కాపలా అని, వాణ్ణి ఎవరూ ఖర్చుపెట్టకూడదని చెప్పండి. పేర్లు మార్చుకున్నా ఫరవాలేదు, ఊరు మార్చుకున్నా ఫరవాలేదు. మండలివాళ్ళు ఎవరైనా వింటుంటే మాత్రం, పెళ్ళి దగ్గర ఆపెయ్యండి. ఆ తడిక వెనక ఏముందో చెప్పకండి. నోముకి ఇంకా రెండేళ్ళుంది.